మిణుగురుకి నీడ పడిన వారం

మార్చి 3

ఒరేయ్ బుడంకాయ్,

కూర్చుని చదువు. నిలబడి చదివితే నీకు సగమే బుర్రకెక్కుతుంది.

జలగ గెలిచాడు. అవును, మన జలగే. ఇన్నేళ్ళూ వారం వారం మిణుగురు చేతిలో తన్నులు తిని, మురుగుకాలవలో పడి, "మళ్ళీ వస్తా" అని అరిచే ఆ వెధవ ఈసారి నిజంగానే వస్తున్నాడు. దొడ్డిదారిన కాదు, ముందు గుమ్మంలోంచి. నగర పెద్దలే పిలిచి రక్షణాధికారి కుర్చీలో కూర్చోబెడతారు. వాడి చెంచా రంపం జైళ్ళ అధికారి అవుతాడు. మొదటి ఉత్తర్వు ఏమిటంటే, ఊళ్ళో ముసుగు వేసుకుని ఎవరూ తిరగకూడదు. శక్తులున్నవాళ్ళంతా ఆఫీసుకొచ్చి, ముఖం చూపించి, పేరు రాయించుకుని, శక్తి అప్పగించి రసీదు పట్టుకెళ్ళాలి. నిన్నటిదాకా దొంగల్ని పట్టిన మిణుగురు ఇవాళ్టి నుంచి తనే దొంగ. ఎలా ఉంది?

సంపాదకుడు పెద్దాయన చదివి కళ్ళజోడు తీశాడు. "ఇది పిల్లల పత్రికమ్మా" అన్నాడు. "పిల్లలకి కుర్చీలు తెలియవనుకున్నారా? తరగతి లీడరైనవాడు మధ్యాహ్నానికల్లా ఎలా మారిపోతాడో వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు" అన్నాను. నవ్వి సరేనన్నాడు. కొత్త ప్రభుత్వం వచ్చాక ఆయన నవ్వడం ఇదే మొదలు.

నీ పనల్లా జలగకి కొత్త రూపం. గోళ్ళు తీసెయ్, కోరలు పీకెయ్. ఇస్త్రీ యూనిఫాం, మంచి కళ్ళజోడు. అయినా చూడగానే ఒళ్ళు జలదరించాలి. ఎలాగని నన్నడక్కు. మిణుగురు మాత్రం ఎప్పటిలాగే. ముఖానికి ముసుగు, ఒంట్లోంచి వెలుగు. వెలుగు తనలోంచే వస్తుంది కాబట్టి తనకి నీడ పడదని మొదటి సంచిక నాడు నాతో దెబ్బలాడావు చూడు, ఆ పట్టింపు అలాగే ఉంచు.

కింద అచ్చు యంత్రం మొదలైంది. బల్ల మీద ఇంకు బుడ్డి నడుచుకుంటూ అంచుదాకా వచ్చేసింది. దాన్ని పట్టుకోవాలి.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

మార్చి 12

అక్కా,

కూర్చునే చదివాను. తర్వాత లేచి గదంతా తిరగాల్సొచ్చింది.

జలగకి యూనిఫాం తొడిగాక పెద్ద చిక్కొచ్చి పడింది. కోరలు పీకేసి, జుట్టు దువ్వి, బల్ల వెనక కూర్చోబెడితే ఎవడో మర్యాదస్తుడిలా తయారయ్యాడు. చెరిపి మళ్ళీ వేశాను. ఈసారి ఇంకా మంచివాడిలా వచ్చాడు! నీ మరదలు వెనకనుంచి చూసి, "ఈయన దగ్గరికెళ్తే పనవుతుందనిపిస్తోంది" అంది. అప్పుడు తెలిసింది, భయం ఉన్నది వాడిలో కాదు, బల్లలో. అందుకని వాడినలాగే వదిలేసి బల్లని పెంచాను. ఎదురుగా నిలబడ్డవాడి గడ్డం దాకా వచ్చే బల్ల. చూడు, నీకు నచ్చకపోతే నా పేరు మార్చుకుంటా. పేరంటే గుర్తొచ్చింది, ఆ బుడంకాయ్ అనడం ఇకనైనా మానెయ్. నెత్తిన వెంట్రుకలు నెరుస్తున్నాయి నాకు.

ఇంకో కబురు. ఈ రేవు ఊళ్ళో కూడా కొత్తగా ప్రచురణల పరిశీలన ఆఫీసు పెట్టారు. అధికారి ఎవరనుకున్నావు? మా మామగారు! జీవితమంతా బడిపిల్లల అచ్చుతప్పులు దిద్ది రిటైరైన మనిషి, ఇప్పుడు ఊరందరి అచ్చుతప్పులూ దిద్దుతారట. కారు కూడా ఇచ్చారు. ఇంటి ముందు ఆగాక తలుపు ఎవరైనా తీస్తారేమోనని కాసేపు లోపలే కూర్చుంటున్నారు, పాపం. మేము ఉండేది ఆయన పై వాటాలోనే కాబట్టి ఈ వినోదం రోజూ చూస్తున్నాం. మిణుగురు ఒక్క సంచిక కూడా తప్పకుండా చదివిన మనిషి. పోనీలే, ఆ కుర్చీలో ఎవడో కూర్చోకుండా మన మనిషే కూర్చున్నాడు.

పేజీలు విడిగా పంపుతున్నాను. తడి తగలకుండా గొట్టంలో పెట్టాను.

నీ తమ్ముడు
(బుడంకాయ కాదు)

*

మార్చి 21

బుడంకాయ్,

బల్ల అద్భుతం. పెద్దాయన చూసి తన బల్ల వైపు అనుమానంగా చూసుకున్నాడు.

కానీ ఒక చెడు కబురు. ఇకనుంచి ప్రతి బొమ్మ పేజీకీ, అది గీసిన ఊళ్ళోనే పరిశీలనాధికారి ముద్ర వేయించాలట. ముద్ర లేనిది ఎక్కడా అచ్చు వేయకూడదు. అంటే మీ మామగారు ఊ అంటేగానీ మిణుగురు ఎగరదు. మన మనిషే అన్నావు. ఒరేయ్ పిచ్చోడా, కుర్చీ ఎక్కేదాకా అందరూ మన మనుషులే. పేజీ పూర్తయ్యేదాకా ఆయన కంట పడనివ్వకు. సలహా అడగకు. ఇస్తే విని ఊరుకో.

ఒక పని మాత్రం చెయ్యకు. జలగకి మీసం పెట్టకు. పెట్టావంటే మీ మామగారు అద్దంలో చూసుకుంటున్నాననుకుంటారు!

నీ కవరు బంక రెండుసార్లు పూసినట్టు గట్టిగా అంటుకుపోయి, చించితే ఉత్తరం కూడా చిరిగింది. నీకింత జాగ్రత్త ఎప్పుడొచ్చింది?

అక్క

*

ఏప్రిల్ 2

గౌరవనీయులైన అక్కయ్యగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

మీసం గురించిన మీ హాస్యం మామగారికి కూడా నచ్చింది.

రాబోయే సంచిక విషయంలో పరిశీలన ఆఫీసు కొన్ని మంచి సూచనలు చేసింది. అధికారుల్ని ఎదిరించే పాత్ర పిల్లలకి తప్పుదారి చూపుతుందని వారి అభిప్రాయం. కనుక మిణుగురు రక్షణాధికారి ఎదుట మోకరిల్లి, "నాది తప్పే. లొంగిపోతున్నాను" అని చెప్పే విధంగా పేజీలోని ఆఖరి బొమ్మ గడిని మార్చాను. మాటలు ఆఫీసువారే సమకూర్చారు. మీ ఆమోదం తీసుకునే వ్యవధి లేకపోయింది. మన్నించగలరు.

బొమ్మ మాత్రం ఎంతో శ్రద్ధగా వేశాను. మీరు శ్రద్ధగా చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ తమ్ముడు

*

ఏప్రిల్ 14

అయ్యా చిత్రకారుడుగారూ,

"అక్కయ్యగారికి" అట, "తలుస్తాను" అట. నిన్ను చంకనెత్తుకుని తిరిగిన దాన్నిరా నేను! నీకు నేనెప్పుడు గారునయ్యాను?

నమ్మి ఉత్తరం రాస్తే తీసుకెళ్ళి మామగారికి చదివి వినిపిస్తావా? మీ ఇద్దరూ కూర్చుని నా మాటలకి నవ్వుకున్నారన్నమాట. బావుంది. పై వాటాలో ఉంటే గాలి బాగా తగులుతుందనుకున్నాను, గాలి మళ్ళుతుందనుకోలేదు.

పేజీ నా బల్ల మీదికి రాకుండానే సంచిక అచ్చయి వచ్చింది. మెట్ల మీద నిలబడే చూశాను. మిణుగురు మోకాళ్ళ మీద ఉంది. నేను రాయని మాట దాని నోట్లో ఉంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల చేత "తప్పే" అని నేను ఒక్కసారైనా అనిపించానా?

పోనీ, మాటలు వాళ్ళవి. బొమ్మ నీదే కదా? శ్రద్ధగా వేశానని గొప్పలు కూడానూ! మిణుగురు వెనక గోడ మీద ఇంత పొడుగు నీడ వేశావు. దానికి నీడ పడదని నాతో రెండ్రోజులు మాట్లాడకుండా అలిగినవాడివి నువ్వే. ఇప్పుడు ఆ మాత్రం కూడా పట్టలేదు నీకు. చెయ్యి అమ్ముకున్నవాడికి కన్ను మాత్రం ఎందుకు మిగుల్తుందిలే.

వచ్చేవారానికి ఇంకొకర్ని చూసుకుంటాను.

నీ అక్కనని చెప్పుకోవడం ఇవాళ్టికి ఇష్టం లేదు.

*

ఏప్రిల్ 13

అక్కా,

ఇది తపాలాలో రావడం లేదు. చేపల లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. మంచివాడు, చదవడం రాదు, రహస్యాలకి అంతకంటే భద్రమైన సంచి లేదు.

ముందు అసలు సంగతి. మన ఉత్తరాలు విప్పుతున్నారు. నీ మీసం ఉత్తరం నాకంటే ముందు మామగారి బల్ల మీదికి వెళ్ళింది. సాయంత్రం కిందికి పిలిచి, తనే కవరు నా చేతికిచ్చి, "మీ అక్కగారికి హాస్యం ఎక్కువే" అన్నారు. నవ్వారు కూడా. అందుకే ఆ గారూ గీరూ. నువ్వు పసిగడతావని ఆశ.

రెండోది. మిణుగురు లొంగలేదు. మాటలు వాళ్ళు రాశారు, నేను తు.చ. తప్పకుండా మాటల బుడగలో ఎక్కించాను. మామగారు ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్క మాటా సరిచూసి ముద్ర వేశారు. బొమ్మ వైపు కన్నెత్తలేదు. జీవితమంతా అక్షరాలు దిద్దిన మనిషి కదా! గోడ మీద నీడ చూశావా? మిణుగురుకి నీడ ఉండదు. కాబట్టి ఆ మోకాళ్ళ మీద ఉన్నది మిణుగురు కాదు. ఆ వేషంలో ఎవర్నో జలగే తెచ్చి కూర్చోబెట్టాడు, ఊరంతా చూసి ధైర్యం వదిలేసుకోవాలని. అసలు పిల్ల ఇంకా బయటే ఉంది. ఎక్కడుందో నువ్వు రాయాలి.

పిల్లలు ఇట్టే పట్టేస్తారు. వీధి చివర కొట్టు దగ్గర అప్పుడే, "అది దొంగ మిణుగురురా!" అని కొట్టుకుంటున్నారు. పెద్దవాళ్ళు పట్టడానికి టైం పడుతుంది. ఆ టైములోనే మనం తర్వాతి సంచిక తెమల్చాలి.

నీడ మాట ఎక్కడా రాయకు. ఎవరితోనూ అనకు.

భయంగా ఉంది. సరదాగా కూడా ఉంది, అది మాత్రం ఎవరికీ చెప్పకు.

బుడంకాయ

*

ఏప్రిల్ 15

తమ్ముడూ,

డ్రైవరు నీ ఉత్తరం ఇచ్చేసరికి నాది డబ్బాలో పడిపోయింది. అందులో నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. అది కాదు ఇప్పుడు సంగతి. నీడ గురించి రాశాను. మిణుగురుకి నీడ పడదని, నువ్వు వేశావని, అక్షరం అక్షరం రాశాను.

తపాలాఫీసుకి పరిగెత్తాను. తిరిగి ఇవ్వమని బతిమాలాను. "డబ్బాలో పడ్డాక అది మీది కాదమ్మా, అవతలివాళ్ళది" అన్నాడు గుమాస్తా. అవతలివాళ్ళెవరో చెప్పలేక వచ్చేశాను.

లారీ ఇంజను విప్పదీసి ఉంది. బాగయ్యాక గానీ కదలదట. బస్సులో నేనే వద్దామనుకుంటే, పెద్దాయన్ని పొద్దున ఎవరో వచ్చి ప్రశ్నలకని తీసుకెళ్ళారు, ప్రెస్సు నా మీద పడింది. ఈ ఉత్తరం ముందు అందితే వెంటనే ఊరొదిలి రా. మరదలితో సహా రా. ఏమీ సర్దుకోకు.

అక్క

*

ఏప్రిల్ 22

వదినా,

ఇది నేను. ఆయన కాదు.

మీ రెండో ఉత్తరం లారీలో వచ్చేసరికి ఆయన కుర్చీ ఖాళీ. ముందటిరోజు పొద్దున్నే మా నాన్న మేడ మీదికొచ్చారు. చేతిలో మీ మొదటి ఉత్తరం, ఇంకో చేతిలో సంచిక. నీడ అన్న మాట కింద ఎర్ర గీత.

"అల్లుడూ, ఈ పిల్లకి నీడ ఉండదా?" అన్నారు.

"ఉండదండి."

"మరి మోకాళ్ళ మీద ఉన్నదెవరు?"

"ఆమె కాదండి."

అబద్ధం ఆడొచ్చు. పొరపాటైందనొచ్చు. మీ తమ్ముడి సంగతి మీకు తెలుసుగా, బొమ్మ గురించి అబద్ధం చెప్పలేరు. నాన్న అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. "దాని కింద నా ముద్ర ఉందిరా. ఊళ్ళో పిల్లలందరికీ తెలిసింది, నాకే తెలీలేదు" అన్నారు. అప్పటికే కింద కారు ఆగింది. ఆ ఉత్తరం పై ఆఫీసు కూడా చూసిందట.

మిమ్మల్ని తిట్టాలనే కాగితం తీశాను. కానీ మా నాన్నని తిట్టి తిట్టి నోట్లో ఇంకేమీ మిగల్లేదు.

ఆయన్ని ఇక్కడే, నాన్న ఆఫీసు వెనక గదిలో ఉంచారు. పెద్ద జైలుకి పంపకుండా ఆపింది నాన్నేనట. బదులుగా నాన్న పై వాళ్ళకి ఇచ్చిన మాట ఇది: తర్వాతి సంచికలో అసలు మిణుగురు దొరకాలి. జలగ బల్ల ముందు ముసుగు తీయాలి. ముఖం పేజీ అంత పెద్దదిగా కనబడాలి. సంకెళ్ళు పడాలి. మళ్ళీ దొంగ మిణుగురనే మాట పుట్టకూడదు. ఆ పేజీ ముద్ర పడి పై ఆఫీసుకి చేరితే ఇంటికి వదులుతారు.

"నేను కాకపోతే ఇంకొకడొస్తాడమ్మా. వాడికి బొమ్మలంటే ప్రేమ కూడా ఉండదు" అన్నారు నాన్న.

"రానీ నాన్నా. వాడు నన్ను అమ్మా అని పిలవడుగా" అన్నాను.

అప్పట్నుంచీ మాట్లాడుకోలేదు. మీ తమ్ముడికి దగ్గు తిరగబెట్టింది. రోజూ మధ్యాహ్నం చూడనిస్తున్నారు. ఏం రాస్తారో రాయండి, తొందరగా రాయండి. ఆయన మాత్రం "అక్కని ఏమీ రాయొద్దను" అంటున్నారు. ఆ మాట మీకు చేర్చానని చెప్తాను. మీరు వినొద్దు.

మీ మరదలు

*

ఏప్రిల్ 27

బుడంకాయ్,

దీన్ని తపాలాలోనే వేస్తున్నాను. విప్పేవాళ్ళు విప్పుకోవచ్చు.

రాయొద్దన్నావట. రాశాను. ఇందులోనే ఉంది, చూడు. మిణుగురుని రంపం మనుషులు వంతెన కింద పట్టుకుంటారు. జలగ బల్ల ముందుకి తెస్తారు. ముసుగు తీయమంటాడు. తీస్తుంది. ముఖం. తర్వాత సంకెళ్ళు. పిట్టకథలు లేవు, నీడలు లేవు. ఒంట్లో వెలుగు ఉండగానే పట్టుబడుతుంది, కాబట్టి అది ఆమేనని ఎవరికైనా తెలుస్తుంది.

పెద్దాయన్ని వదిలేశారు. చిక్కిపోయాడు. ఇది చదివి కాగితం బల్ల మీద బోర్లించాడు. "పిల్లలు మనల్ని క్షమించరమ్మా" అన్నాడు. "క్షమించకపోతే మానె. ఆ పిల్లని చంపితే మళ్ళీ కాగితం మీద బతికించుకోగలను. నా తమ్ముణ్ణి బతికించే విద్య నాకు రాదు" అన్నాను. ఆయన లేచి నాకు టీ పెట్టి ఇచ్చాడు. జన్మలో పెట్టి ఉండడు, అంత ఘోరంగా ఉంది. తాగాను.

నా ఉత్తరం వల్లే ఇదంతా అని నాకు తెలుసు. దాని గురించి ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడతాను. నువ్వు గీతలు గీసెయ్, ముద్ర వేయించుకో, ఇంటికి పో.

మామయ్యగారూ, ఇది మీరు ముందు చదువుతారని తెలుసు కాబట్టి రెండు మాటలు. మీసం సంగతికి మన్నించండి. వాడికి దగ్గు, కిటికీ ఉన్న గది ఇవ్వండి. మీరు అడిగింది రాసిచ్చాను. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

ముఖం ఎలా ఉండాలో మాత్రం రాయలేదురా. ఇన్నేళ్ళలో ఆ ముసుగు వెనక నాకెప్పుడూ ఎవరూ కనబడలేదు.

అక్క

*

మే 15

అక్కా,

బయటికొచ్చాను. దగ్గు తప్ప అంతా బానే ఉన్నాను. ఇది డ్రైవరు చేతికిస్తున్నాను. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

నీ రాత చూసి మొదట కాగితం విసిరికొట్టాను. కాపలావాడు ఏరి తెచ్చి మళ్ళీ నా ముందు పెట్టాడు. "మా పిల్లాడు అడుగుతున్నాడు సార్, అది నిజంగా దొరికిపోద్దా?" అన్నాడు. ఏం చెప్పను!

వంతెన వేశాను. బల్ల వేశాను. సంకెళ్ళు కూడా వేశాను. ముఖం దగ్గర చెయ్యి ఆగిపోయింది. పై ఆఫీసువాళ్ళు మనిషిని పంపి తొందరపెడుతున్నారు. నేను గుండ్రాలు గీసి చెరుపుతున్నాను. ఆ మధ్యాహ్నం నీ మరదలు వచ్చింది. నాతో కూడా మాట్లాడలేదు, అంత కోపం మీద ఉంది. జుట్టు ముడేసుకుని, కిటికీ ఎదురుగా కూర్చుని, నా కోసం తెచ్చిన నారింజ తొక్క తీస్తోంది. వాళ్ళ నాన్న గది తలుపు వైపే చూస్తోంది. ఎదురుగా ఉన్న ఆ ముఖమే గీసేశాను. కావాలనే చేశారా అని తను తర్వాత అడిగింది. చెయ్యి మొదలెట్టింది, సగంలో నాకూ తెలిసిపోయింది, ఆపలేదు. అంతే చెప్పగలను.

సాయంత్రం మామగారు పేజీ తీసుకున్నారు. ఈసారి బొమ్మలు చూడటం నేర్చుకున్నారు. మొదటి గడి నుంచీ వేలు పెట్టి చూస్తూ వచ్చారు. నీడలు వెతికారు. ముఖం దగ్గర వేలు ఆగింది.

కళ్ళజోడు తీశారు. తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎవరు చెప్పారు ఇలా వేయమని?"

"ఎవరూ చెప్పలేదండి. ముఖం కావాలన్నారు. నాకు తెలిసిన ముఖాల్లో భయం లేనిది ఇదొక్కటే."

"కింద గడిలో సంకెళ్ళు వేశావు."

"రాతలో అలాగే ఉందండి. మీరు సరిచూసిన రాతే."

ముద్ర తీశారు. సిరా అద్దారు. ఆ ముఖం కిందే, సంకెళ్ళకి పైన, వేయాల్సిన చోటు అది. చెయ్యి గాలిలో అలా ఉండిపోయింది. బయట కాపలావాడు తొంగి చూస్తున్నాడు. "చూసినవాళ్ళు ఎవరూ గుర్తుపట్టరులే" అన్నారు, నాతో కాదు, తనలో తనే. ఆ మాటన్నాక ముద్ర కింద పెట్టేశారు. ఎర్ర పెన్సిలు తీసి పేజీకి అడ్డంగా, బడిలో రాసినంత గుండ్రంగా, "ప్రచురణకు యోగ్యం కాదు" అని రాశారు.

"పై ఆఫీసు అడిగితే ఏం చెప్తారండీ?" అన్నాను.

"ముఖం కుదరలేదని చెప్తాను. బొమ్మగాడికి చేతకాలేదని, ఇక ఈ కథే వద్దని రాస్తాను" అన్నారు.

నా బొమ్మకి అంతకంటే చెడ్డ మాట ఎవరూ అనలేదు. దాని మీద నేను ఎదురు చెప్పలేదు.

అక్కా, అంటే ఏమిటంటే, మిణుగురు దొరకాలని ఆజ్ఞాపించిందీ వాళ్ళే, దొరికిన పేజీని ఆపిందీ వాళ్ళే. మిణుగురు పత్రికలో ఇక రాదు. కాపలావాడు వాళ్ళ పిల్లాడికి ఏం చెప్పాడో తెలుసా? "అది దొరకలేదురా, నేను చూశాగా" అని చెప్పాడట. ఆ పేజీ మామగారి సొరుగులో ఉంది. తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నారు.

మర్నాడు నన్ను వదిలారు. చేతకాని బొమ్మగాణ్ణి ఉంచుకుని ఏం లాభమని ఆయనే సంతకం పెట్టారు. మూడో రోజున ఆయన కారు తీసేసుకున్నారు. కుర్చీ కూడా రేపో మాపో పోతుందంటున్నారు. ఆ తర్వాత ఇంకేం చేస్తారో ఎవరికీ తెలీదు. ఆయన మాత్రం రోజూ ఆఫీసుకి నడిచి వెళ్తున్నారు.

మేం ఇల్లు మారుతున్నాం. రేవు అవతలి వీధిలో ఒక గది చూశాం. వెలుతురు బానే ఉంది. ఇవాళ సామాను దించుతుంటే మామగారు వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డారు. నీ మరదలు ఆయన్ని దాటుకుని పెట్టె మోసుకెళ్ళింది. రెండోసారి వచ్చినప్పుడు మాత్రం రెండో పెట్టె ఒక కొస ఆయన పట్టుకుంటే వద్దనలేదు. ఇద్దరూ మాట్లాడుకోకుండానే వీధిదాకా మోశారు.

నేను గొళ్ళెం పెట్టి దిగుతుంటే ఆయన వెనకనుంచి పిలిచారు.

"అల్లుడూ, ఆ పిల్ల తర్వాత ఏమవుతుంది?"

కథలో పిల్ల గురించి అడిగారో, తన పిల్ల గురించి అడిగారో నాకు అర్థం కాలేదు.

"అక్క ఇంకా రాయలేదండి" అన్నాను.

నీ తమ్ముడు